కార్డు మీద 25 లక్షలు సరే, ఆస్పత్రికి బిల్లు ఎప్పుడు అందుతోంది? ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవలపై సమీక్ష

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కుటుంబానికి ఏడాదికి 25 లక్షల రూపాయల వరకు వైద్యం. తెలంగాణ ఆరోగ్యశ్రీలో 10 లక్షలు. కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్‌లో 5 లక్షలు. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టి ఏ పథకం గొప్పదో తేల్చేసేవాళ్లే ఎక్కువ. కానీ రోగి మంచం ఎక్కాక ఏం జరుగుతుందో ఈ అంకెలు చెప్పవు. దాన్ని నిర్ణయించేవి వేరే ఉన్నాయి: ఒక్కో ఆపరేషన్‌కు ప్రభుత్వం ఆస్పత్రికి కట్టే ప్యాకేజీ ధర, ఆ డబ్బు ఎన్ని నెలలకు చేరుతోంది, దగ్గర్లోని ప్రభుత్వాస్పత్రిలో ఆ వైద్యం చేసే డాక్టరూ పరికరమూ ఉన్నాయా లేదా.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాం. గుండె, క్యాన్సర్, కిడ్నీ, మెదడు, ప్రమాద గాయాల వంటి పెద్ద వైద్యానికి ఈ పథకాలను మించిన ఆసరా పేద కుటుంబానికి మరొకటి లేదు. బీపీ మాత్రలు, షుగర్ మందులు, జ్వరానికి డాక్టర్ ఫీజు, రక్త పరీక్షలు, అంటే నెలనెలా జేబును తినేసే ఖర్చులకు మాత్రం ఇవి దాదాపు అక్కరకు రావు. ఇక ప్రభుత్వాలు ఆరోగ్యానికి పెట్టే ఖర్చు పథకం పరిధితో పాటు పెరగనంత కాలం, కార్డుకూ వైద్యానికీ మధ్య దూరం ఉంటూనే ఉంటుంది.

పరిమితి పెంచడం తేలిక, ధర పెంచడం కష్టం

2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే 75వ రౌండ్ ప్రకారం, ప్రసవాలు మినహాయిస్తే, ప్రైవేటు ఆస్పత్రిలో ఒకసారి చేరితే సగటు ఖర్చు 31,845 రూపాయలు. ప్రభుత్వాస్పత్రిలో 4,452. ధరలు ఆ తర్వాత పెరిగాయి, నిజమే. అయినా సగటు బిల్లుకూ 25 లక్షలకూ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఏడాదిలో 5 లక్షలు దాటే కుటుంబాలు చాలా తక్కువ. అందుకే 5 లక్షల పరిమితిని 10 లక్షలకో 25 లక్షలకో పెంచినా ఖజానా మీద పడే అదనపు భారం పెద్దగా ఉండదు. ఒక్క జీవోతో అయిపోతుంది, పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది. అవయవ మార్పిడి, ఖరీదైన క్యాన్సర్ వైద్యం అవసరమైన కొద్దిమందికి అది నిజంగా ప్రాణం పోసే పెంపే. దాన్ని తీసిపారేయడం లేదు.

అదే ప్యాకేజీ ధరలను 20 శాతం పెంచితే? ప్రతి కంటి ఆపరేషన్, ప్రతి స్టెంట్, ప్రతి డయాలసిస్ మీద 20 శాతం పెరుగుతుంది. పథకం మొత్తం ఖర్చే 20 శాతం పెరుగుతుంది. అందుకే ఈ పని ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. తెలంగాణ 2023 డిసెంబరులో పరిమితిని 10 లక్షలు చేసింది. 1,375 చికిత్సల ధరలు సవరించి, 163 కొత్త చికిత్సలు చేర్చి, మొత్తం 1,835కు తెచ్చింది మాత్రం 2024 జులైలో. ఈ రెండు నిర్ణయాల్లో రోగులకు ఎక్కువ మేలు చేసింది రెండోదే. ప్రచారం దక్కింది మొదటిదానికి.

లెక్క వేసుకోవడం కష్టమేం కాదు. ఉదాహరణకు ఒక రాష్ట్రం కోటిన్నర కుటుంబాలకు కార్డులిచ్చి పథకానికి ఏడాదికి 4,000 కోట్లు కేటాయించిందనుకోండి. కుటుంబానికి వచ్చేది సుమారు 2,670 రూపాయలు. కార్డు మీద ఎంత రాసినా ఏడాది మొత్తంలో ఖర్చు పెట్టగలిగేది ఇదే. వైద్యం అందరికీ ఒకేసారి అవసరం పడదు కాబట్టి బీమా లెక్క ఇలా నడుస్తుంది, అందులో తప్పు లేదు. తప్పు ఎక్కడంటే, అవసరం 5,500 కోట్లని తెలిసీ 4,000 కోట్లే కేటాయించినప్పుడు. మిగతా 1,500 కోట్లు మాయమైపోవు. ఆస్పత్రులకు బకాయిలుగా మారతాయి. వచ్చే ఏడాది కేటాయింపులో మొదటి నాలుగున్నర నెలల డబ్బు పాత బాకీలకే పోతుంది.

రాష్ట్రాలు ఎంత పెడుతున్నాయో చూద్దాం. 2025-26 బడ్జెట్‌లో ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్యానికి 19,264 కోట్లు చూపింది. దాదాపు 3.22 లక్షల కోట్ల బడ్జెట్‌లో ఇది 6 శాతం. తెలంగాణ 12,393 కోట్లు చూపింది, దాదాపు 3.05 లక్షల కోట్లలో 4 శాతం. 2017 జాతీయ ఆరోగ్య విధానం రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతానికి పైగా ఆరోగ్యానికి పెట్టాలంది. 15వ ఆర్థిక సంఘమూ అదే మాట చెబుతూ, మొత్తం ఆరోగ్య వ్యయంలో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి వెళ్లాలంది. దేశంలో అందరికంటే ముందు ఇంత పెద్ద ఎత్తున ఆరోగ్య పథకం తెచ్చిన గడ్డ ఇది. ఖర్చులో మాత్రం ఆ 8 శాతం గీతకు ఇంకా కిందే ఉండటం బాధ కలిగిస్తోంది.

బకాయి రోగి దాకా ఎలా వస్తుంది

ప్రభుత్వం ఆస్పత్రికి డబ్బు ఆలస్యంగా ఇస్తే మనకేం అనిపించవచ్చు. లెక్కలోకి దిగితే తెలుస్తుంది. ఒక ఆస్పత్రి నెలకు కోటి రూపాయల ఆరోగ్యశ్రీ వైద్యం చేస్తోందనుకుందాం. డబ్బు 8 నెలలు ఆగితే ఎప్పుడు చూసినా 8 కోట్లు బయటే ఉంటాయి. జీతాలు, మందుల డీలర్లు, ఇంప్లాంట్ల కంపెనీలు ఆగవు కాబట్టి ఆస్పత్రి 12 శాతం వడ్డీకి అప్పు తెస్తుంది. ఏడాదికి వడ్డీ 96 లక్షలు. ఏడాది మొత్తం బిల్లు 12 కోట్లు. అంటే ప్రతి ప్యాకేజీ ధరలో 8 శాతం కోత పడ్డట్టే. అసలే తక్కువగా ఉన్న ధర మీద ఈ కోత పడితే చిన్న పట్టణాల్లోని 50, 100 పడకల ఆస్పత్రులు ముందు దెబ్బతింటాయి. కార్పొరేట్ ఆస్పత్రికి నగదు రోగులుంటారు, ప్రైవేటు బీమా రోగులుంటారు. జిల్లా కేంద్రంలోని చిన్న ఆస్పత్రికి ఆరోగ్యశ్రీయే సగానికి పైగా రాబడి కావచ్చు.

ఆ కోతను ఆస్పత్రి రకరకాలుగా రోగి మీదకు నెడుతుంది. మొదటిది, "ఆరోగ్యశ్రీ బెడ్లు ఖాళీ లేవు" అన్న మాట. పక్కనే నగదు రోగికి పడక ఉంటుంది. రెండోది, "ఈ ఆపరేషన్ స్కీములో రాదు" అనడం. కొన్నిసార్లు అది నిజం, కొన్నిసార్లు ఆ ధరకు చేయడం ఇష్టం లేక చెప్పే మాట. మూడోది, అప్రూవల్ వచ్చేదాకా అడ్వాన్స్ కట్టమనడం, ఆ తర్వాత దాన్ని పరీక్షల కింద సర్దేయడం. నాలుగోది, స్టెంట్, మోకాలి చిప్ప, కంటి లెన్స్ దగ్గర "స్కీములో ఇచ్చేది మామూలు రకం, మంచిది కావాలంటే తేడా కట్టండి" అనడం. ప్యాకేజీలో ఇంప్లాంట్ ధర కలిసి ఉన్నప్పుడు ఆ తేడా వసూలు చేయడం నిబంధనలకు విరుద్ధం. ఐదోది పైకి కనిపించదు: డిశ్చార్జి ఒకరోజు ముందే చేయడం, ఇంటికిచ్చే మందుల్లో కోత.

ఇవేవీ సరిపోనప్పుడు సేవలే ఆగిపోతాయి. 2025లో తెలంగాణ నెట్‌వర్క్ ఆస్పత్రులు (పథకంలో చేరిన ఆస్పత్రులు), ఆంధ్రప్రదేశ్ స్పెషాలిటీ ఆస్పత్రులు బకాయిల కోసం సేవలు నిలిపేసిన సంగతి తెలిసిందే. రెండు రాష్ట్రాల్లో వేర్వేరు పార్టీల ప్రభుత్వాలు, వేర్వేరు పరిమితులు, జబ్బు మాత్రం ఒక్కటే. ఇది పార్టీల సమస్య కాదు. పథకం పరిధిని ప్రకటించే చేయి ఒకటి, నిధులు విడుదల చేసే చేయి మరొకటి కావడం వల్ల వచ్చిన సమస్య. కేటాయింపు శాసనసభ ముందుకు వస్తుంది, దాని మీద చర్చ జరుగుతుంది. నెలనెలా విడుదల ఆర్థిక శాఖ చేతిలో ఉంటుంది, దాని మీద చర్చే ఉండదు.

ట్రస్టా, బీమా కంపెనీయా

2007 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు అది బీమా పద్ధతిలోనే నడిచింది. ప్రభుత్వం ప్రీమియం కట్టేది, కంపెనీ క్లెయిములు చెల్లించేది. 2008లో మరిన్ని చికిత్సలు చేర్చినప్పుడు వాటి డబ్బును ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఆరోగ్యశ్రీ ట్రస్టే నేరుగా చెల్లించడం మొదలుపెట్టింది. క్రమంగా అంతా ట్రస్టు చేతికే వచ్చింది. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం మళ్లీ మిశ్రమ పద్ధతికి ఆమోదం తెలిపింది: 1.63 కోట్ల కుటుంబాలకు ఆదాయంతో సంబంధం లేకుండా, 2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు.

ట్రస్టు పద్ధతిలో మధ్య దళారీ లాభం ఉండదు, అది మేలు. కానీ ట్రస్టు ఖాతాలో డబ్బు వేయకుండా ఆపితే అడిగే నాథుడుండడు. బీమా పద్ధతిలో ప్రీమియం వాయిదా తప్పితే కంపెనీ వెంటనే చేతులెత్తేస్తుంది కాబట్టి ప్రభుత్వం డబ్బు ముందే కట్టక తప్పదు. ఈ క్రమశిక్షణ ఒక్కటే బీమా పద్ధతికి మేం ఇచ్చే పెద్ద మార్కు. ప్రతిగా వచ్చే ప్రమాదం కూడా తెలిసినదే. క్లెయిము తిరస్కరిస్తే కంపెనీకి మిగులు. అందుకే ఒప్పందంలో మూడు షరతులు చూడాలి. క్లెయిములు ఒక స్థాయి కంటే తక్కువ వస్తే మిగిలిన ప్రీమియం ప్రభుత్వానికి తిరిగి రావాలి (ఆయుష్మాన్ భారత్ బీమా ఒప్పందాల్లో ఈ నిబంధన ఉంది). తిరస్కరించిన ప్రతి కేసునూ ప్రభుత్వ డాక్టరు మళ్లీ చూడాలి. గడువు దాటితే కంపెనీ వడ్డీ కట్టాలి. 2.5 లక్షల గీత దగ్గర మరో చిక్కు ఉంది. కీమోథెరపీ లాంటి వైద్యం ఏడాది మధ్యలో ఆ గీత దాటుతుంది. అప్పుడు ఫైలు కంపెనీ నుంచి ట్రస్టుకు మారాలి. ఆ మార్పు రోగికి తెలియకుండా, వెనకే జరిగిపోవాలి. మళ్లీ కొత్త అప్రూవల్ అడిగితే ఒక కీమో సైకిల్ ఆలస్యమవుతుంది.

కేంద్రం వాటా సంగతీ చెప్పాలి. 2018 సెప్టెంబరు 23న మొదలైన ఆయుష్మాన్ భారత్‌లో కేంద్రం 60, రాష్ట్రం 40. కానీ ఆ 60 శాతం కేంద్రం గుర్తించిన కుటుంబాలకే, కేంద్రం ఒప్పుకున్న మొత్తం మేరకే. మన రాష్ట్రాలు అంతకంటే చాలా ఎక్కువ కుటుంబాలకు, ఎక్కువ పరిమితితో ఇస్తున్నాయి. కాబట్టి అసలు భారంలో ఎక్కువ భాగం రాష్ట్ర ఖజానాదే.

కార్డు ఉన్నా చేతి నుంచి ఎందుకు పోతోంది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 41 శాతం ఇళ్లలో కనీసం ఒక్కరికైనా ఏదో ఒక ఆరోగ్య బీమా ఉంది. అంతకుముందు సర్వేలో అది దాదాపు 29 శాతం. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం మొత్తం వైద్య ఖర్చులో జనం జేబు నుంచి పెట్టేది 2013-14లో 64.2 శాతం, 2021-22 నాటికి 39.4 శాతం. అదే కాలానికి ప్రభుత్వ ఖర్చు జీడీపీలో 1.84 శాతానికి చేరింది. జాతీయ ఆరోగ్య విధానం 2025కల్లా చేరాలన్న లక్ష్యం 2.5 శాతం.

64 నుంచి 39కి తగ్గడం మంచి వార్తే. కానీ ఇది వాటా మాత్రమే. ప్రభుత్వం కొవిడ్ ఏడాదిలో ఎక్కువ ఖర్చు పెడితే, మీ మందుల బిల్లు రూపాయి తగ్గకపోయినా జనం వాటా శాతం తగ్గుతుంది. పైగా జేబు ఖర్చులో పెద్ద భాగం ఆస్పత్రిలో చేరకుండా అయ్యేది: డాక్టర్ ఫీజు, మందులు, పరీక్షలు. మన పథకాలు ప్రధానంగా చేరిన రోగికే. షుగర్ ఉన్నవాళ్లకు నెలనెలా మందులు పథకంలో రావు. ఆ మందులు మానేసి కిడ్నీలు పాడైతే మాత్రం డయాలసిస్ వస్తుంది. చౌకగా ఆపగలిగినదాన్ని ఆపకుండా, ఖరీదైన దశలో డబ్బు కట్టడమన్నమాట. అందుకే ప్రాథమిక వైద్యానికి మూడింట రెండు వంతులన్న ఆర్థిక సంఘం మాటను మేం ఇంత పట్టుకుని చెబుతున్నాం. పీహెచ్‌సీలో షుగర్‌కు మెట్‌ఫార్మిన్, బీపీకి ఆమ్లోడిపిన్ ఏడాది పొడవునా దొరికితే ఆరోగ్యశ్రీ బిల్లే తగ్గుతుంది.

డబ్బు ఎటు పారుతుందో వైద్యం అటు పరుగెత్తడం గర్భసంచి ఆపరేషన్ల విషయంలో బాగా కనిపించింది. ప్యాకేజీ ఉండటంతో ఉమ్మడి రాష్ట్రంలో అవసరం లేకున్నా చిన్న వయసు మహిళలకు గర్భసంచులు తీసేశారన్న ఆరోపణలు గట్టిగా వచ్చాయి. ఆ తర్వాత దాన్ని ప్రభుత్వాస్పత్రులకే పరిమితం చేశారు. అలా ప్రభుత్వాస్పత్రులకు ప్రత్యేకించిన చికిత్సలు ఒక దశలో 133 ఉండేవి. ఇది సరైన పనే. దీనివల్ల ఆరోగ్యశ్రీ డబ్బు ప్రభుత్వాస్పత్రులకూ వెళ్లింది. కొంత సిబ్బందికి ప్రోత్సాహకంగా, కొంత ఆస్పత్రి అభివృద్ధికి వాడుకునే వీలు వచ్చింది. అయితే మత్తు డాక్టరు లేని ఏరియా ఆస్పత్రికి ఆపరేషన్ ప్రత్యేకిస్తే రోగికి మిగిలేది నిరీక్షణే. పోస్టులు నింపకుండా ప్రత్యేకించడం వల్ల ఒరిగేది లేదు.

ఫైలు నడిచే దారి, ఆగే చోట్లు

పథకం పనిచేసినప్పుడు దారి ఇలా ఉంటుంది. పీహెచ్‌సీ నుంచో నేరుగానో నెట్‌వర్క్ ఆస్పత్రికి వెళ్తారు. గేటు దగ్గరో ఓపీ పక్కనో పథకం తరఫున రోగులకు సాయపడే ఆరోగ్యమిత్ర కౌంటరు ఉంటుంది. అక్కడ ముందు నమోదు కావాలి. డబ్బు కట్టే కౌంటరుకు ముందు వెళ్తే నగదు రోగిగా నమోదవుతారు, తర్వాత దాన్ని స్కీముకు మార్చడం కష్టం. రసీదు చేతికొచ్చాక "ముందే చెప్పాల్సింది" అంటారు. డాక్టరు పరీక్షించి ఏ చికిత్స అవసరమో తేల్చాక, రిపోర్టులు, ఫొటోతో ఆన్‌లైన్‌లో ప్రీ ఆథరైజేషన్ (ముందస్తు అనుమతి) కోసం పంపుతారు. ట్రస్టు డాక్టర్లు చూసి అనుమతిస్తారు, లేదా ఇంకో కాగితం అడుగుతారు. ప్రాణాపాయ కేసులకు ఫోన్‌లోనే అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టవచ్చు. ప్యాకేజీలో పడక, ఆపరేషన్, డాక్టర్ల ఫీజు, మందులు, ఇంప్లాంట్లు, రోగికి భోజనం, తిరుగు ప్రయాణ ఛార్జీ, ఇంటికెళ్లాక 10 రోజుల మందులు కలిసే ఉంటాయి. కొన్ని జబ్బులకు ఏడాది పాటు ఫాలో అప్ ప్యాకేజీ ఉంటుంది. దీన్ని అడగనివాళ్లే ఎక్కువ. గుండె ఆపరేషన్ తర్వాత నెలనెలా మందులు కొనుక్కుంటూ ఉంటారు.

ఫైలు ఎక్కువగా ఆగేది ట్రస్టు అడిగిన కాగితం దగ్గర. దీన్ని "క్వెరీ" అంటారు. యాంజియోగ్రామ్ సీడీ అప్‌లోడ్ కాలేదనో, బయాప్సీ రిపోర్టులో పేరు తేడాగా ఉందనో క్వెరీ పడుతుంది. ఆస్పత్రి సమాధానం ఇచ్చేదాకా గడియారం ఆగిపోతుంది. రోగి బంధువులకు మాత్రం "గవర్నమెంట్ నుంచి అప్రూవల్ రాలేదు" అని చెబుతారు. అప్పుడు అడగాల్సిన మాట ఒక్కటే: "క్వెరీ ఏమైనా పడిందా? ఎప్పుడు పడింది?" ఈ మాట తెలిసినవాళ్ల ఫైలు త్వరగా కదులుతుంది. కేసు నంబరు రాసుకుని 104కు ఫోన్ చేస్తే అది ఆస్పత్రి దగ్గర ఆగిందో ట్రస్టు దగ్గర ఆగిందో తెలుస్తుంది.

పేర్ల గొడవ రెండోది. రేషన్ కార్డులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక ఉంటే వ్యవస్థ ఒప్పుకోకపోవచ్చు. కొత్తగా వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులో ఉండిపోతుంది, అత్తారింటి కార్డు చూపిస్తే పనికిరాదు. అప్పుడే పుట్టిన బిడ్డ పేరు ఏ కార్డులోనూ ఉండదు కాబట్టి జనన ధ్రువపత్రం, తల్లిదండ్రుల కార్డు దగ్గర ఉంచుకోవాలి. ఇవన్నీ జబ్బు రాకముందే సచివాలయంలోనో మీసేవలోనో సరిచేయించుకోవాల్సినవి. ఫోన్ నంబరు కూడా సరిగ్గా ఉండాలి. ఆయుష్మాన్ భారత్ మీద 2023లో కాగ్ ఇచ్చిన నివేదికలో 9999999999 అనే ఒకే నంబరుకు దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు ముడిపడి ఉన్నారని తేలింది. అలాంటి నమోదు ఉంటే మీ పేరుతో జరిగిన వైద్యం గురించి సందేశం మీకు రాదు.

ఆస్పత్రి డబ్బడిగితే రసీదు లేకుండా ఇవ్వకండి. రసీదు ఇవ్వనంటే అదే ఫిర్యాదుకు చాలు. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రిలో కట్టిన డబ్బును ఈ పథకాలు తర్వాత తిరిగి ఇవ్వవు. ముఖ్యమంత్రి సహాయ నిధి వేరే దారి. అది దయతో ఇచ్చే సాయం. బిల్లు ఎంతైనా కావచ్చు, వచ్చేది అందులో కొంతే.

ప్రైవేటు పాలసీ ఎవరికి అవసరం

కార్డు ఉన్నవాళ్లు కూడా ఈ మధ్య పాలసీలు తీసుకుంటున్నారు, బకాయిల భయంతో. తీసుకోదలిస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆరోగ్యశ్రీ ప్యాకేజీని, ప్రైవేటు పాలసీని ఒకే అడ్మిషన్‌లో కలిపి వాడుకోవడం ఆచరణలో కుదరదు. కాబట్టి "10 లక్షలు ఆరోగ్యశ్రీ భరిస్తుంది, ఆపైన సూపర్ టాపప్ తీసుకుందాం" అనే లెక్క నమ్మదగింది కాదు. చిన్న మొత్తమైనా సొంత బేస్ పాలసీ, అంటే మొదటి రూపాయి నుంచి బిల్లు కట్టే పాలసీ ఉండాలి. సూపర్ టాపప్ దాని మీద పెట్టుకోవాలి. ఈ రెండూ ఒక పరిమితి దాటాక మొదలయ్యే పాలసీలే: టాపప్ ఒక్కో బిల్లునూ విడిగా చూస్తుంది, సూపర్ టాపప్ ఏడాది బిల్లులన్నీ కలుపుతుంది. డయాలసిస్, కీమో లాంటి పదేపదే వచ్చే బిల్లులకు రెండోదే పనికొస్తుంది. గది అద్దె మీద పరిమితి ఉన్న పాలసీకి దూరంగా ఉండండి. గది అద్దె దాటితే డాక్టర్ల ఫీజు, ఆపరేషన్ ఛార్జీల వంటి వాటిలోనూ అదే నిష్పత్తిలో కోత వేస్తారు.

2024 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు కొంత మెరుగయ్యాయి. ముందునుంచే ఉన్న జబ్బులకు ఎదురుచూసే కాలం గరిష్ఠంగా 36 నెలలు. 60 నెలలు వరుసగా పాలసీ కట్టాక, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారంటూ క్లెయిము తోసిపుచ్చలేరు. నగదు రహిత వైద్యానికి గంటలో, డిశ్చార్జికి 3 గంటల్లో అనుమతి ఇవ్వాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు. 70 ఏళ్లు దాటినవాళ్లు ఇంట్లో ఉంటే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి, ఏడాదికి 5 లక్షలు. ప్రైవేటు పాలసీ ఉన్నా ఇది ఇస్తారు. ఆధార్ ఉంటే సరిపోతుంది.

ప్రభుత్వాల నుంచి మేం కోరేది పరిమితి ఇంకా పెంచమని కాదు. ప్రతి నెలా మూడు అంకెలు బయటపెట్టమని: ఆ నెల ఎన్ని కోట్ల క్లెయిములు వచ్చాయి, ఎన్ని కోట్లు చెల్లించారు, చెల్లించనివాటిలో 90 రోజులు దాటినవి ఎన్ని. ఆయుష్మాన్ భారత్ నిబంధన ప్రకారం రాష్ట్రంలోని క్లెయిము 15 రోజుల్లో, బయటి రాష్ట్రంలోది 30 రోజుల్లో చెల్లించాలి. ఈ మూడు అంకెలు జిల్లాల వారీగా ఉంటే, ఏ ఊళ్లో సేవలు ఆగబోతున్నాయో రెండు నెలల ముందే తెలుస్తుంది.

ఆ ముందస్తు సమాచారం అందరికంటే డయాలసిస్ రోగులకు అవసరం. మోకాలి ఆపరేషన్ నెల ఆగినా నొప్పితో నెట్టుకురావచ్చు. వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ చేయించుకునేవాళ్లు నాలుగు రోజులు ఆగలేరు. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే దగ్గర్లోని ఏరియా లేదా జిల్లా ప్రభుత్వాస్పత్రిలో డయాలసిస్ కేంద్రం ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. ఆ కేంద్రాల్లో కొన్నింటినీ ప్రైవేటు సంస్థలే నడుపుతాయి, వాటికీ బకాయిలుండొచ్చు. అందుకే రెండు చోట్ల వివరాలు పెట్టుకోండి. హెపటైటిస్ బి, సి, హెచ్ఐవీ పరీక్షల తాజా రిపోర్టులు, డయాలసిస్ సూది పెట్టే ఫిస్టులా లేదా క్యాథెటర్ వివరాలు, డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), చివరి మూడు సెషన్ల చార్టు జిరాక్సులు ఒక కవరులో పెట్టి ఉంచండి. కొత్త కేంద్రం మొదట అడిగేవి ఇవే, ముఖ్యంగా హెపటైటిస్ రిపోర్టు. అది లేకపోతే ఏ మిషన్ మీద వేయాలో తేల్చలేక మళ్లీ పరీక్ష చేయించమంటారు, దానికి ఒక రోజు పోతుంది.